వాన దింపిన పిట్టలు: లెస్వోస్ దీవిలో వసంతకాలపు వలస

గ్రీసుకు చెందిన లెస్వోస్ దీవి ఏజియన్ సముద్రానికి ఈశాన్యాన, టర్కీకి ఎంత దగ్గరగా ఉందంటే, దాని ఉత్తరపు ఒడ్డున నిలబడితే అవతలి దేశపు కొండల వరుసలు స్పష్టంగా కనిపిస్తాయి. సుమారు 1,630 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఇది గ్రీకు దీవుల్లో క్రీట్, ఎవియాల తర్వాత మూడో పెద్దది. దీవి నడుమకు చొచ్చుకువచ్చిన కల్లోని అఖాతం, దాని ఒడ్డున ఉప్పుమడులు, వేసవికి ఎండిపోయే చిన్న చిన్న ఏళ్లు, తూర్పున లక్షలాది ఆలివ్ చెట్లు, దక్షిణాన పైన్ అడవులు, పడమట చెట్టూ చేమా పల్చబడిన అగ్నిపర్వత శిలల కొండలు, ఇన్ని రకాల నేలలు ఒక్కచోట ఉండడంతో ఏ పక్షికి కావలసిన తావు దానికి ఇక్కడ దొరుకుతుంది. ఆఫ్రికాలో చలికాలం గడిపి, గూళ్లు కట్టుకోవడానికి తూర్పు యూరప్‌కూ రష్యాకూ తిరిగిపోయే పక్షుల దారిలో ఈ దీవి పడుతుంది. ఏప్రిల్ నడుమ నుంచి మే రెండో వారం దాకా సాగే ఆ వలసలో నేను చూసినదాని గురించీ, చూస్తున్నకొద్దీ నాలో గట్టిపడిన ఒక అభిప్రాయం గురించీ ఇక్కడ రాస్తున్నాను. వలస కాలంలో పిట్టను చూడడమంటే ముందుగా దాని అలసటను చూడడం; అది అర్థమైతేనే ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో మనకు తెలుస్తుంది.

చిన్న పిట్టల్లో ఎక్కువ భాగం రాత్రిపూట ప్రయాణిస్తాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, వేటాడే డేగల బెడద తక్కువ, దారి పోల్చుకోవడానికి నక్షత్రాలూ భూమి అయస్కాంత క్షేత్రమూ తోడుంటాయి. ఆకాశం నిర్మలంగా ఉండి దక్షిణపు గాలి వెనుక నుంచి నెడుతున్న రాత్రుల్లో అవి లెస్వోస్ మీదుగా ఆగకుండా సాగిపోతాయి. అటువంటి రాత్రి గడిచిన మర్నాడు ఎండ హాయిగా కాస్తుంది, చేల గట్ల మీద ఎర్రని గసగసాల పూలు విరగబూసి ఉంటాయి, కానీ పొదల్లో ఏడాది పొడుగునా అక్కడే ఉండే పిట్టలు తప్ప కొత్తవి దాదాపు కనిపించవు. అర్ధరాత్రి దాటాక ఉత్తరపు గాలి ఎదురు తిరిగినా, తెల్లవారుజామున వాన పట్టుకున్నా కథ మారిపోతుంది. గాలిలో ఉన్న పిట్టలు ఎక్కడ నేల కనిపిస్తే అక్కడికి, గుంపులు గుంపులుగా దిగిపోతాయి. పరిశీలకులు దీన్ని ‘ఫాల్’ అంటారు. దాని కోసమే ఏటా బ్రిటన్, నెదర్లాండ్స్, స్వీడన్ వంటి దేశాల నుంచి ఇక్కడికి మనుషులు వస్తారు. అంటే మనకు పండుగ అయిన రోజు పిట్టకు గండం గడిచిన రోజు. ఈ సంగతి మొదట్లో నన్ను ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతూనే ఉంది, అది మంచిదే అని నా నమ్మకం.

ఆ గండం ఎంతటిదో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. విల్లో వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట బరువు పది గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. సహారా ఎడారినీ, ఆపైన సముద్రాన్నీ దాటడానికి అది బయలుదేరే ముందే ఒంట్లో కొవ్వు నింపుకుంటుంది. ప్రయాణంలో ఆ కొవ్వుతో పాటు ఎగిరే కండరాలు కూడా కొంత కరిగిపోతాయి. పేగులూ కాలేయమూ కుంచించుకుపోతాయి. అందుకే నేలకు దిగిన తొలి రోజున ఎదురుగా పురుగులు పుష్కలంగా ఉన్నా తిన్నదంతా దాని ఒంటికి పట్టదు. ముందు జీర్ణవ్యవస్థ కోలుకోవాలి, ఆ తర్వాతే బరువు పెరగాలి. ఆ ఒకటి రెండు రోజుల్లో మనం దాన్ని పొద నుంచి పొదకు తరిమితే, అది మళ్లీ కూడబెట్టుకోవలసిన శక్తిలోనే కోత పడుతుంది.

దీవికి పడమట, ఓర్డిమ్నోస్ అనే చల్లారిన అగ్నిపర్వతం కొసన ఇప్సిలూ మఠం ఉంది. చుట్టూ చూపు ఆనినంత మేర రాతి కొండలు; మఠాన్ని చుట్టుకుని మాత్రం ఓక్ చెట్లు. పైనుంచి వచ్చే పిట్టకు ఆ పచ్చని మచ్చ ఒక్కటే ఆశ్రయంగా కనిపిస్తుంది కాబట్టి, వాన పడిన ఉదయాన లెస్వోస్‌లో ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే నేను ఇప్సిలూ పేరే చెబుతాను. అటువంటి ఒక ఉదయాన నేను అక్కడికి చేరేసరికి మబ్బు ఇంకా కొండను వదల్లేదు. దారి పక్కన కంచె తీగ మీద, రాళ్ల మీద, తడి గడ్డి మీద కాలర్డ్ ఫ్లైక్యాచర్లు వాలి ఉన్నాయి. మగ పిట్ట వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉండి మెడ చుట్టూ తెల్లని పట్టీ ఉంటుంది. ఎత్తైన కొమ్మల్లో తిరగవలసిన ఆ పిట్టలు నేల మీది పురుగుల కోసం కాళ్ల దగ్గరికి దిగుతున్నాయి. మఠం గోడ పక్కన నేను కదలకుండా నిలబడి ఉండగా ఒక వుడ్ వార్బ్లర్ నాకు రెండు బారల దూరంలో రాతి గోడ మీద దిగింది. దాని గొంతు నిమ్మపండు రంగులో ఉంది, పొట్ట కింది తెల్లని ఈకలు వానకు తడిసి పాయలు పాయలుగా అంటుకుపోయాయి, ఎడమ రెక్క కొస కొంచెం కిందికి వాలి ఉంది. గోడ సందులోకి ముక్కు దూర్చి ఒక సాలీడును బయటికి లాగింది, రెండు సార్లు రాతికి కొట్టి మింగింది, ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుంది. తెరిచి మళ్లీ వెతికింది, మళ్లీ మూసుకుంది. మనిషి పక్కనే ఉన్నాడన్న సంగతి దానికి పట్టలేదు. పిట్ట మనల్ని ఇంత దగ్గరికి రానిస్తోందని సంతోషపడేవారిని నేను చాలామందిని చూశాను. అది మచ్చిక కాదు, ఎగరడానికి ఓపిక లేకపోవడం. మబ్బు విడిచి ఎండ పొడ తగిలాక గంట సేపటికి ఆ గోడల మీద పిట్టలు పల్చబడ్డాయి, ఓక్ కొమ్మల పైభాగం నుంచి గోల్డెన్ ఓరియోల్ ఈలలు మొదలయ్యాయి.

ఇప్సిలూలో వలస పిట్టలు లేని రోజున కూడా చూడదగింది ఒకటుంది. సినీరియస్ బంటింగ్ అనే పిట్ట యూరప్ మొత్తంలో గూడు కట్టే చోట్లు కొన్ని గ్రీకు దీవులు మాత్రమే. ఈ కొండ వాలు వాటిలో ఒకటి. పసుపు ఛాయ గల తల, బూడిద రంగు ఒళ్లు, రాతి మీద కూర్చుని పాడే చిన్న పాట తప్ప దానికి ఆడంబరాలేమీ లేవు. ఈ కొండల్లోనే సుమారు 2 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతపు బూడిద కప్పేయగా రాయిగా మారిపోయిన అడవి కూడా ఉంది. యునెస్కో దీన్ని గ్లోబల్ జియోపార్కుగా గుర్తించింది, మ్యూజియం సిగ్రి అనే తీరగ్రామంలో ఉంది. పిట్టల కోసం వచ్చినవారు కూడా ఒక పూట దానికి కేటాయించాలని నేను అంటాను. సిగ్రికి ఉత్తరాన ఉన్న ఫనెరోమెని చేలూ అత్తి చెట్లూ ఎలాగూ దారిలోనివే, ఇప్సిలూలో దిగని పిట్టలు అక్కడ దొరకడం కద్దు.

నేను ఎక్కువ సమయం గడిపింది మాత్రం కల్లోని ఉప్పుమడుల దగ్గర. ఇది పని చేస్తున్న ఉప్పు కేంద్రం. సముద్రపు నీటిని ఒక మడి నుంచి మరో మడికి వదులుతూ ఎండకు చిక్కబరుస్తారు. ఒక్కో మడిలో నీటి లోతు వేరు, ఉప్పదనం వేరు, అందులో బతికే పురుగులు వేరు. ఈ తేడాలే పక్షులను పంచుతాయి. బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్ తన పొడవాటి ఎర్రని కాళ్లతో తిరిగే లోతులో లిటిల్ స్టింట్ నిలవలేదు; అది నీరు ఇంకుతున్న బురద అంచునే పట్టుకుని పరుగులు తీస్తుంది. అవోసెట్ పైకి వంగిన ముక్కును పక్కలకు ఊపుతూ నీటిని జల్లెడ పడుతుంది. రాజహంసలు చిక్కటి ఉప్పునీటిలోని సన్నని రొయ్యలను తల తలకిందులు చేసి వడగట్టుకుంటాయి. మడుల్లో నీరు ఎక్కువగా వదిలిన రోజున చిన్న ఉల్లంకి పిట్టలు ఒక్కటీ కనిపించవు, రెండు రోజులు ఆగి అదే చోటికి వెళితే అదే మడి నిండా ఉంటాయి. ఈ ఉప్పుమడులకు ఒక్కసారి వచ్చి, చూడవలసిన పక్షుల పట్టిక పూర్తిచేసుకుని వెళ్లిపోవడం వల్ల పెద్దగా ఏమీ తెలియదు. ఒకే గట్టు దగ్గరికి పొద్దున, సాయంత్రం మళ్లీ మళ్లీ వెళ్లినప్పుడే ఎవరు కొత్తగా వచ్చారో, ఎవరు బరువు పెంచుకుని వెళ్లిపోయారో తెలుస్తుంది.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కర్ల్యూ శాండ్‌పైపర్. చలికాలంలో బూడిద రంగులో ఉండే ఈ పక్షి సైబీరియా ఉత్తరపు టండ్రాలో గూడు కడుతుంది. ఏప్రిల్ చివర ఇక్కడికి వచ్చే గుంపులో సగం మారిన ఒళ్లు కనిపిస్తాయి: ఒకదానికి రొమ్ము మీద మాత్రమే ఇటుక రంగు మచ్చలు, మరొకదానికి ముఖం నుంచి పొట్ట దాకా నిండుగా ఎరుపు, ఇంకొకటి ఇంకా బూడిదే. మే మొదటి వారానికి గుంపు మొత్తం ఎర్రబారుతుంది. ఆ వారంలోనే నల్లటి ఒళ్లు, తెల్లటి రెక్కల వైట్‌వింగ్డ్ టర్న్‌లు నీటికి అంగుళాల ఎత్తున ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఈగలను ఏరుకుంటాయి. మడుల పక్కన రోడ్డు మీద కారు ఆపుకుని అందులోంచే చూడడం ఉత్తమం. కారును పక్షులు పట్టించుకోవు, తలుపు తీసి దిగితే మాత్రం గట్టు మీది గుంపంతా లేస్తుంది.

ఉప్పుమడుల పక్కనే సముద్రంలో కలిసే సిక్నియాస్ ఏటిని బయటి నుంచి వచ్చినవారు ఈస్ట్ రివర్ అంటారు. వాగు దాటే చోట వాగ్‌టెయిళ్లూ కొంగలూ బాగా కనిపిస్తాయి. మెతోహి చెరువు అంతకన్నా చిన్నది. రెల్లు చుట్టుముట్టిన ఆ కుంట దగ్గర ఏప్రిల్ నెలలో లిటిల్ క్రేక్ కోసం జనం చేరతారు. చేరెడు పక్షి అది. మిగతా యూరప్‌లో దాని అరుపు వినడమే గాని చూడడం దుర్లభం. ఇక్కడ ఆకలి దాన్ని బయటికి రప్పిస్తుంది. మగదాని ముఖం, రొమ్ము నీలి ఛాయగల బూడిద రంగులో ఉంటాయి, పసుపుపచ్చని ముక్కు మొదట్లో ఎర్రని చుక్క ఉంటుంది. పడిపోయిన రెల్లు కాడల మీద పొడవాటి ఆకుపచ్చని వేళ్లను ఆచితూచి వేస్తూ, తోకను ఎగరేస్తూ, ప్రతి రెండు అడుగులకూ నీటిలోంచి ఏదో ఒకటి ఏరుకుంటూ అది రెల్లు అంచు వెంట నడిచింది. ఒక తాబేలు పక్కనే తల పైకెత్తితే చటుక్కున రెల్లులోకి దూరి, క్షణంలో తిరిగి వచ్చింది. దాని రికార్డు చేసిన అరుపును ఫోనులో మోగించి బయటికి పిలిచేవారు కొందరుంటారు. గూడు కట్టే చోటును ఇంకా చేరుకోని పక్షిని, లేని ప్రత్యర్థి మీదికి ఉసిగొల్పడం దాని తిండి సమయాన్ని దొంగిలించడమే. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

వలసతో సంబంధం లేని ఒక పిట్ట కోసం దాదాపు ప్రతి పరిశీలకుడూ అహ్లదెరి పైన్ అడవికి వెళతాడు. క్రూపర్స్ నట్‌హాచ్ ప్రధానంగా టర్కీకీ, కాకసస్ ప్రాంతానికీ చెందిన పిట్ట. గ్రీసులో అది గూడు కట్టేది లెస్వోస్‌లోనే. జర్మన్ పక్షి శాస్త్రజ్ఞుడు థియోబాల్డ్ క్రూపర్ పేరు దానికి పెట్టారు. నల్లని నుదురు, కంటి మీదుగా తెల్లని గీత, రొమ్ము మీద ఇటుక రంగు మచ్చ ఉన్న ఈ చిన్న పిట్ట చెట్టు మీద తలకిందులుగా దిగుతూ బెరడు పలకల కింద వెతుకుతుంది. ఎండిన పైన్ మొద్దులో తొర్ర తొలుచుకుని గూడు పెడుతుంది. తొర్ర ముందు మోకరిల్లి కెమెరాలు గురిపెట్టిన గుంపు ఉన్నంతసేపూ తల్లి నోట్లో పురుగుతో పక్క చెట్టు మీద తిరుగుతూనే ఉండడం చూసి నేను అక్కడి నుంచి కదిలిపోయాను. కొన్ని చెట్ల అవతల, గూటికి దూరంగా, అదే పిట్టలు కాయల్లోంచి గింజలు లాగుతూ అంతకన్నా బాగా కనిపించాయి.

వేటాడే పక్షుల సంగతి కొంచెం చెప్పాలి. ఏప్రిల్ చివరికి ఎలియనోరాస్ ఫాల్కన్‌లు మడగాస్కర్ నుంచి తిరిగి వస్తాయి. తమ ప్రాంతంలో డేగలకు చట్టరక్షణ కల్పించిన 14వ శతాబ్దపు సార్డీనియా పాలకురాలు, అర్బోరియాకు చెందిన ఎలియనోరా పేరు దీనికి పెట్టారు. ప్రపంచంలోని ఈ డేగల్లో అధిక భాగం గ్రీకు దీవుల కొండచరియల మీదే పిల్లలను పెంచుతాయి. మిగతా పక్షులు వసంతంలో గూడు కడితే ఇవి వేసవి చివర గుడ్లు పెడతాయి, ఎందుకంటే శరదృతువులో దక్షిణానికి తిరిగిపోయే చిన్న పిట్టలే వీటి పిల్లలకు ఆహారం. వసంతంలో మాత్రం ఇవి సన్నని పొడవాటి రెక్కలతో ఏటి మీద తేలుతూ గాలిలోనే తుమ్మెదలను పట్టి తింటాయి.

డేగ పట్టేది తన పిల్లల కోసం. మధ్యధరా ప్రాంతంలో మనుషులు పట్టేదానికి అటువంటి సమర్థన లేదు. ఆ ప్రాంతంలో ఏటా సుమారు 2.5 కోట్ల పక్షులను చట్టవిరుద్ధంగా చంపుతున్నారని పక్షి సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ 2015లో అంచనా వేసింది. సైప్రస్‌లో కొమ్మలకు జిగురు పూసిన పుల్లలు కట్టీ, సన్నని వలలు పన్నీ బ్లాక్‌క్యాప్ పిట్టలను పట్టి వండుతారు. అది నేరం, అయినా పూర్తిగా ఆగలేదు. గూళ్లకు తిరిగిపోయే పక్షులను వేటాడకూడదని యూరోపియన్ యూనియన్ 1979 నాటి పక్షుల చట్టం చెబుతుంది. మాల్టా వసంతపు వేటకు మినహాయింపులు ఇస్తూ వచ్చింది, ఆ తీరు చట్టాన్ని మీరిందని యూరోపియన్ న్యాయస్థానం 2009లో తీర్పు ఇచ్చింది, 2015లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో వసంతపు వేట కొనసాగాలన్న పక్షం స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. గ్రీసుకు పడమట ఉన్న అయోనియన్ దీవుల్లో కూడా వసంతంలో టర్టిల్ డవ్‌లను దొంగచాటుగా కాల్చడం ఉంది. ఈ గువ్వ 2015 నుంచి ప్రపంచ స్థాయిలో ముప్పు ఉన్న పక్షుల జాబితాలో ఉంది. ఎడారినీ సముద్రాన్నీ దాటి, గుడ్లు పెట్టడానికి సిద్ధమై వచ్చిన పక్షిని చంపడమంటే చలికాలమంతా తట్టుకుని మిగిలినదాన్ని చంపడం. వేటలన్నిటిలో దీన్ని అధమమైనదిగా నేను భావిస్తాను. లెస్వోస్‌లో ఒక్క ఆలివ్ తోటలో ఉదయమంతా గువ్వల కూజితం విన్నాక ఆ భావన ఇంకా బలపడింది.

అన్ని పక్షులూ ఆఫ్రికా నుంచే వస్తాయనుకోవద్దు. ఏప్రిల్ ఆఖరున దీవి అంతటా తీగల మీద, పొదల కొసన ప్రత్యక్షమయ్యే బ్లాక్‌హెడెడ్ బంటింగ్ చలికాలం గడిపేది భారతదేశపు పంట చేలలో. నల్లని తల, నిండు పసుపు రొమ్ము, ఇటుక రంగు వీపుతో మగ పిట్ట నెత్తి మీద ఎండ కాస్తున్నా పాట ఆపదు. మన జొన్న చేల మీద గుంపులుగా వాలే పక్షి తన పాట పాడుకునే చోటును చూడాలనుకున్న తెలుగు పరిశీలకుడికి లెస్వోస్‌కు వెళ్లడానికి ఇదొక్కటే చాలు. పాలపిట్టకు దాయాది అయిన యూరోపియన్ రోలర్ కూడా మే మొదట్లో తీగల మీద కనిపిస్తుంది, అయితే అది వచ్చేది మాత్రం ఆఫ్రికా నుంచే.

మన దేశం నుంచి వచ్చే రెండో అతిథి రోజీ స్టార్లింగ్. మే మూడో వారానికి వలస పల్చబడి, పరిశీలకులు చాలామంది వెళ్లిపోతారు. అప్పుడు, కొన్ని ఏళ్లలో మాత్రం, గులాబీ ఒంటికి నల్లని తల, రెక్కలు ఉన్న ఈ పక్షులు గుంపులుగా పడమటికి వచ్చి పండిన మల్బరీ చెట్ల మీద వాలతాయి. మిడతలు బాగా ఉన్న చోటనే ఇవి గూళ్లు కడతాయి కాబట్టి ఏ ఏడు ఎంత దూరం వస్తాయో ముందుగా చెప్పడం కష్టం. వీటి కోసం వెళ్లదలచినవారు మే 20 తర్వాత ప్రయాణం పెట్టుకుని, ఉదయాన్నే మల్బరీ చెట్లున్న పల్లెల్లో వెతకడం మంచిది.